కొండ మీద వాన, పట్నంలో కుళాయి

విశాఖపట్నంలో ఏ సంఘంలోనైనా బాప్తిస్మపు తొట్టి నింపిన నీళ్లు ఎక్కడివని అడగండి. కార్పొరేషన్ నీళ్లు అంటారు. అది తప్పు జవాబు కాదు, సగం జవాబు. నగరానికి ఏలేరు కాలువ నుంచి, మేఘాద్రిగెడ్డ నుంచి నీరు వస్తుంది. తాటిపూడి, రైవాడ జలాశయాల నుంచి కూడా వస్తుంది. తాటిపూడి గోస్తనీ నది మీద, రైవాడ శారదా నది మీద కట్టినవి. ఆ నదులు రెండూ పుట్టింది అనంతగిరి కొండల్లోనే.

ఎండాకాలం వచ్చిందంటే మన సంఘాలన్నిటిలో వర్షం కోసం ప్రార్థనలు జరుగుతాయి. వర్షం కురిస్తే కృతజ్ఞతలు చెల్లిస్తాం. ఆకాశం నుంచి పడిన చినుకుకూ మన ఇంటి కుళాయికీ మధ్య ఒక కొండ నిలబడి చేస్తున్న పనిని మాత్రం తలచుకోము. ఈ వారం ఆ కొండ గురించి, దాని మీద బతికే మన సహోదరుల గురించి రాయాలనుకున్నాం.

ముందుగా, అనంతగిరి అంటే ఒక్క కొండ కాదు. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెడితే, వంపు తరువాత వంపు తిరిగి పైకి చేరాక మళ్లీ అవతలి వైపు దిగిపోము. పైన విశాలమైన నేల ఉంటుంది. అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, అలా ఒడిశాలోని కోరాపుట్ దాకా సాగే ఎత్తు నేల అది. దీన్నే పీఠభూమి అంటారు. అరకు లోయ అని పిలుస్తాం గాని, ఆ లోయ కూడా సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో అనంతగిరి మండలంలోని శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదని ఒకప్పుడు దానికి పేరు. గాలికొండ వంటి శిఖరాలు ఇంకా పైకి, దాదాపు అయిదు వేల అడుగులకు లేచి ఉంటాయి. ఈ గోడకూ భీమిలి సముద్రానికీ మధ్య దూరం పక్షి ఎగిరితే సుమారు 60 కిలోమీటర్లే.

ఎత్తుకు వెళ్తే చల్లగా ఎందుకుంటుంది? సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడెక్కాలి కదా అని పిల్లలు సండేస్కూలులో అడుగుతారు. మంచి ప్రశ్నే. గాలిని సూర్యుడు నేరుగా వేడి చేసేది తక్కువ. ఎండకు నేల వేడెక్కుతుంది, నేల తన మీది గాలిని వేడి చేస్తుంది. ఆ గాలి పైకి లేచేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గుతుంది, గాలి విచ్చుకుంటుంది, విచ్చుకుంటూ చల్లబడుతుంది. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. విశాఖలో చెమటలు కారుతున్న రోజున అరకులో ఆరేడు డిగ్రీలు తక్కువ ఉండడానికి ఈ లెక్క ఒక్కటే చాలు.

చలికాలపు రాత్రులలో ఇంకో సంగతి జరుగుతుంది. చల్లని గాలి బరువైనది. అది కొండ వాలుల మీద నుంచి నీళ్లలాగే పల్లానికి జారి లోయ అడుగున నిలుస్తుంది. చింతపల్లి దగ్గరి లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయిందని ప్రతి డిసెంబరులో పత్రికల్లో చదువుతాం కదా, దానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు, ఇలా కిందికి జారి చేరిన చలిగాలి కూడా. చూడడానికి వెళ్లేవారికి అది ముచ్చట. దుప్పటి లేని ఇంట్లో పసిబిడ్డతో పడుకునేవారికి ముచ్చట కాదు.

ఇక వాన సంగతి. బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి నిండా తేమ ఉంటుంది. మైదానంలో ఆ గాలి అలా సాగిపోవచ్చు. కొండ అడ్డు వచ్చినప్పుడు మాత్రం పైకి ఎక్కక తప్పదు. ఎక్కినప్పుడు చల్లబడుతుంది. చల్లని గాలి అంత తేమను మోయలేదు. మోయలేనిది మబ్బై, చినుకై రాలుతుంది. తడి బట్టను పిండినట్టే కొండ గాలిని పిండుతుంది అనుకోవచ్చు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రంలో పుట్టే వాయుగుండాలు, అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే తుపానులు, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తరువాత ఉరిమి కురిసే జల్లులు, అన్నిటిలోనూ కొండకు కొంత వాటా ఉంటుంది. ఆ వేసవి జల్లులు పడితేనే కాఫీ పూత నిలుస్తుందని తోటలున్న ఏ గిరిజన రైతైనా చెబుతాడు.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పాలి. చెట్లుంటే వానలు పడతాయని మనం తరచు అంటాం. కొండ మీద ఎంత వాన పడుతుందో ముఖ్యంగా తేల్చేది సముద్రపు తేమ, గాలి దిశ, కొండ ఎత్తు. చెట్టు చేసే పని వేరు, అది ఇంకా విలువైనది. పడిన వానను అది పోనివ్వదు. ఆకులు చినుకు వేగాన్ని చంపుతాయి, రాలిన ఆకుల పొర దాన్ని పీల్చుకుంటుంది, వేళ్లు నేలలో దారులు చేస్తాయి. చెట్టు కూడా కొంత నీరు తాగుతుంది, అది నిజమే. అయినా బోడి వాలు మీద పడ్డ వాన గంటలో బురదై గెడ్డలోకి దూకుతుంది. అడవి ఉన్న వాలు మీద పడిన వానలో కొంత భాగం నెలల తరువాత ఊటగా బయటికి వస్తుంది.

ఈ దాచుకోవడంలో చెట్టుకు తోడు రాయి ఉంది. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు ఖొండలైట్ అని పేరు పెట్టారు, ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదనే. లక్షల సంవత్సరాల ఎండకు, వానకు ఈ రాతి పైభాగం చివికి, కరిగేవన్నీ కరిగిపోగా, ఎర్రటి బొరుసు నేల మిగిలింది. గాలికొండ, రక్తకొండ వంటి కొండల నెత్తి మీద ఉన్న బాక్సైట్ అదే. ఇది గుల్లగా, రంధ్రాలతో ఉంటుంది. పడిన వాన అందులోకి ఇంకుతుంది. కిందికి దిగి దిగి బంకమట్టి పొరనో చివకని రాతినో తాకి ఇక దిగలేక, పక్కకు జరిగి కొండ నడుము దగ్గర ఊటగా బయటపడుతుంది. కొండల్లో ఊళ్లు ఎక్కడ కట్టుకున్నారో గమనిస్తే, చాలావాటికి కాస్త పైన ఊట ఉంటుంది. పూర్వీకులు ఊటను చూసుకొని ఊరు కట్టారు.

బొర్రా దగ్గర రాయి మారుతుంది. అక్కడ ఉన్నది సున్నపురాయి. నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు కొద్దిగా పుల్లనై సున్నపురాతిని కరిగిస్తుంది. అలా కరగ్గా కరగ్గా గుహలు ఏర్పడ్డాయి. కరిగిన సున్నం చుక్క చుక్కగా మళ్లీ గట్టిపడి పైకప్పు నుంచి వేలాడే ఆకారాలైంది. గోస్తని ఈ గుహల గుండానే సాగి, కటికి జలపాతంగా దూకి, తాటిపూడికి చేరి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. పేరు పెట్టినవారు ఆ నది స్వభావం తెలిసే పెట్టారు.

అనంతగిరి తూర్పు అంచున కురిసిన నీళ్ల కథ ఇది. గోస్తని, శారద ఇటు తూర్పుకు, దగ్గరి దారిలో సముద్రానికి పోతాయి. పీఠభూమి లోపలి వైపు, పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతాల్లో పడిన వాన సముద్రానికి వీపు తిప్పి నడుస్తుంది. మత్స్యగెడ్డగా మొదలై మాచ్‌ఖండ్ అవుతుంది. జలాపుట్ జలాశయం నింపి, డుడుమ దగ్గర లోయలోకి దూకి కరెంటు ఇస్తుంది. అక్కడి 120 మెగావాట్ల విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆ పైన అదే నీరు సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరిలో నీరు తగ్గిన సంవత్సరం డెల్టాలో దాళ్వా పంట గట్టెక్కాలంటే సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూడాలి. కోనసీమలో, భీమవరం వైపున మన సంఘాల కోతపండుగలలో బలిపీఠం ముందు పెట్టే వరి కంకుల్లో ఈ కొండల నీళ్లు కూడా ఉన్నాయి. కొండ మీద కొన్ని మైళ్ల ఎడంలో పడిన రెండు చినుకుల్లో ఒకటి విశాఖ కుళాయిలోకి, ఇంకొకటి కోనసీమ చేలోకి వెళ్తుంది.

కింద ఉన్నవారికి పైన ఉన్నవారు తెలియకపోవడం కొత్త సంగతేమీ కాదు. ఆదికాండములో యోసేపు కథ మనకు కంఠతా వచ్చు. ఏడు బలిసిన ఆవులు, ఏడు చిక్కిన ఆవులు నైలు ఒడ్డు నుంచే లేచి వచ్చాయి. ఐగుప్తులో వాన దాదాపు లేదు, పంట అంతా నైలు పొంగు మీదే. ఆ పొంగు ఎక్కడి నుంచి వచ్చేది? ఐగుప్తుకు చేరే నైలు నీటిలో నూటికి ఎనభై వంతులకు పైగా ఇథియోపియా పీఠభూమి నుంచి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కురిసిన వాన, తానా సరస్సు దగ్గర మొదలయ్యే నీలి నైలులోను మరి కొన్ని ఉపనదులలోను దిగివస్తే ఐగుప్తులో నది పొంగేది. ఆ కొండల మీద వాన తప్పిన సంవత్సరం ఫరో కొట్లు ఖాళీ. ఫరోలు నదిని కొలిచారు, పూజించారు. పొంగు పుట్టిన కొండ మాత్రం వాళ్లకు చాలా దూరం.

ఎత్తు నేలల్లో అన్నిటికన్నా పెద్దది టిబెట్. సగటు ఎత్తు సుమారు 4,500 మీటర్లు, విస్తీర్ణం దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. సింధు, బ్రహ్మపుత్ర, మెకాంగ్, యాంగ్జీ, హోయాంగ్‌హో అక్కడే పుడతాయి. అంత ఎత్తున ఉన్న నేల వేసవిలో వేడెక్కి, పైన ఉండే గాలిని నేరుగా వేడి చేసి, అది లేచిన చోటికి సముద్రపు తేమగాలిని లాగుతుందని, మన రుతుపవనాలకు అదే ముఖ్య కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. 2010లో బూస్, కువాంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, పీఠభూమి వేడి కన్నా హిమాలయాల గోడ ఉత్తరపు పొడి చలిగాలిని ఆపడమే ముఖ్యమని వాదించారు. చర్చ ఇంకా సాగుతోంది. మన అనంతగిరికి రుతుపవనాలను పిలిచేంత బలం లేదు. పిలవకుండా వచ్చిన మబ్బును పట్టి నిలిపే బలం ఉంది, మనకు అది చాలు.

ఇంతకీ ఈ నీటికి మొదటి హక్కుదారులు ఎవరు? తాటిపూడి జలాశయం 1960లలో కట్టారు. రైవాడ నీరు నగరానికి పోతోందని, తమ పొలాలకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్ల బాధ నిజమైనదే. కాని నగరం, ఆయకట్టు ఈ రెండు పక్షాల వాదనలో మూడో పక్షం పేరే వినపడదు. వాన ఎవరి నెత్తి మీద కురిసిందో ఆ కొండ ఊళ్లవారు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, భగతలు, ఖోండులు, పోర్జాలు. ఏప్రిల్ వచ్చేసరికి పై ఊట సన్నబడి, ఆడవాళ్లు బిందెలతో కింది గెడ్డలోకి దిగి, ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు గిన్నెతో తోడుకుంటారు. ఎక్కువ వాన పడే చోటే వేసవిలో దాహం ఎందుకు? నీటికి పల్లం తెలుసు, అందుకు. ఎత్తున ఉన్న ఊరిని ముందు విడిచిపోతుంది. రాతినేలలో అన్నిచోట్లా బోరు పడదు. పడినా దాని లారీ వెళ్లడానికి దారి ఉండాలి, రోగిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లలో ఆ దారే లేదు.

ఇందుకు భిన్నంగా ఆలోచించిన చోటు ఒకటుంది. దక్షిణాఫ్రికా మధ్యలో లెసోతో అనే చిన్న దేశం ఉంది. దేశమంతా 1,400 మీటర్లకు పైనే. అక్కడి కొండల నీటిని జొహానెస్‌బర్గ్ ప్రాంతానికి తీసుకుపోవడానికి 1986లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. 1998 నుంచి నీరు పారుతోంది, నీటికి రాయల్టీ లెసోతో ఖజానాకు చేరుతోంది. కొండకు వెల కట్టారన్నమాట. ఆ డబ్బు రాజధానికే చేరుతోంది గాని జలాశయం పక్క పల్లెలకు కుళాయి రాలేదనే ఫిర్యాదు అక్కడా ఉంది, కాబట్టి దాన్ని పరలోకంగా చూపించబోము. అయినా కింది నగరం పై కొండకు ఏదో బాకీ ఉందని కాగితం మీద ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

మన దగ్గర అలాంటి ఒప్పుకోలుకు దగ్గరగా వచ్చింది ఒక కోర్టు తీర్పు. అది పుట్టిందీ అనంతగిరిలోనే. ఈ మండలంలోని బొర్రా రిజర్వు అటవీ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడాన్ని సమత అనే సంస్థ ప్రశ్నించింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని అన్నది. తవ్వకం జరిగే చోట నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీటి వసతికి, బడులకు, ఆసుపత్రులకు, దారులకు శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పింది. ఆ వరసలో నీటి పేరు ఉండడం మనం గుర్తుపెట్టుకోవాలి.

తీర్పుతో కథ ముగియలేదు. 2015 నవంబరులో చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో బాక్సైట్ తవ్వకానికి అటవీ భూమి కేటాయిస్తూ జి.ఓ. 97 వచ్చింది. మన్యమంతా లేచింది. 2019లో అది రద్దయింది. తవ్విన గుంటల్లో కూడా వాననీరు ఇంకుతుంది కదా, ఊటలకు నష్టమేమిటి అనే వాదన ఒకటుంది. మా అభిప్రాయం చెబుతాం. నీళ్లు దాచే పొరే ఆ బాక్సైట్. స్పంజిని తీసేసి గిన్నెలో నీళ్లు నిలుస్తాయిలే అంటే, నిలుస్తాయని రుజువు చేయవలసింది తవ్వేవారే గాని చెలమ దగ్గర కూర్చున్న తల్లి కాదు. ఇటీవల ఈ మండలంలోనే పెదకోట పరిసరాల్లో పంప్డ్ స్టోరేజి విద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదన వచ్చింది. కింద ఒక చెరువు, పైన ఒక చెరువు కట్టి, కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి అది. సూర్యకాంతి నుంచి తీసిన కరెంటును దాచుకోవడానికి అది పనికొచ్చే మాట నిజం. ఏ గెడ్డ నీరు నింపుతారు, ఆ గెడ్డ మీద బతికే ఊళ్లేవి, గ్రామసభ ఏమన్నది అనే మూడు ప్రశ్నలకు జవాబు రాకుండా దాన్ని మంచిదనీ చెడ్డదనీ మేము అనలేము.

పోడు గురించి కూడా ఒక మాట. అడవి పోవడానికి పోడే కారణమని మైదానంలో సులువుగా అనేస్తాం. ఒక వాలును రెండు మూడేళ్లు దున్ని ఎన్నో ఏళ్లు బీడు వదిలినంత కాలం అడవి మళ్లీ లేచేది. భూమి తగ్గి, మనుషులు పెరిగి, బీడు వదిలే ఏళ్లు కుదించుకుపోయాకే వాలు బోడిదైంది. ఆ వాలుల మీద నీడచెట్లు పెంచి కాఫీ, మిరియం వేయడం నేలకూ ఇంటికీ మేలు చేసింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని దాటి కొండెక్కినప్పుడు ఆ నీడచెట్లు వేలకు వేలు కూలాయి. చెట్టు ఒక్క రాత్రిలో కూలుతుంది, నీడ రావడానికి పదేళ్లు.

చేయగలిగిన పనులు ఉన్నాయి, అవి పెద్ద పనులేమీ కావు. ఊటకు పైన, వాన ఇంకే వాలు ఎక్కడిదో ముందు గుర్తించాలి. ఆ వాలులో కొండకు అడ్డంగా కందకాలు తవ్వితే పరుగెత్తే నీరు ఆగి ఇంకుతుంది. అక్కడ పశువులను కొంతకాలం మేపకుండా, చెట్లు కొట్టకుండా ఊరంతా కట్టుబాటు చేసుకోవాలి. ఊట దగ్గర చిన్న సిమెంటు తొట్టి కట్టి, మూతపెట్టి, అక్కడి నుంచి గొట్టం వేస్తే మోటారు, కరెంటు లేకుండా నీరు దానంతటదే ఊళ్లోకి దిగుతుంది. మన్యంలో వీటిని గ్రావిటీ పథకాలు అంటారు. ఇంటింటికి కుళాయి ఇస్తామని 2019లో కేంద్రం జల జీవన్ మిషన్ మొదలుపెట్టింది. కుళాయి బిగించడం ఒక రోజు పని. ఊటను ఎండకుండా కాపాడేది పైన చెప్పిన కందకం, కట్టుబాటు.

నగర సంఘాల యువజనులు క్రిస్మస్ అయ్యాక బస్సు మాట్లాడుకొని అరకు వెళ్లడం ఆనవాయితీ. వలిసె పూలలో ఫొటోలు, బొంగులో కోడి, బొర్రా గుహలు. అందులో తప్పేమీ లేదు, భోజనాల ప్లాస్టిక్ పళ్లేలు గోస్తనిలో వదిలిరాకుండా ఉంటే. ఆ ప్రయాణాన్ని ఒక్క ఏడాది మే నెలకు మార్చుకోమని మా మనవి. కొండ మీది సంఘాల పెద్దలను ముందుగా అడిగి, వారు చూపించిన ఊట దగ్గర బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి రాసుకోండి. ఆ కాగితం గ్రామ పంచాయతీకి ఒకటి, గిరిజన నీటి సరఫరా చూసే ఇంజనీర్లకు ఒకటి, మీ సంఘ కమిటీకి ఒకటి ఇవ్వండి. డిసెంబరులో కొలిస్తే అన్ని ఊటలూ నిండుగానే ఉంటాయి.